మీ ప్రశ్నలు – మా జవాబులు: గుడిలో చోటు దొరకనివాళ్లు

కడప, కర్నూలు, అనంతపురం వైపు సంఘాల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు. వైద్యం, చట్టం, వాక్యం మూడూ పెనవేసుకున్న ప్రశ్నలు కాబట్టి జవాబులూ అలాగే ఉంటాయి.

ప్రశ్న: మా సంఘంలో ఒకాయనకు కుష్ఠు అని తేలింది. రెండు నెలలుగా పీహెచ్‌సీ మాత్రలు మింగుతున్నాడు. ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం పంచుకునేటప్పుడు) మాది ఒకటే గిన్నె. ఆయన తాగాక మేం తాగమని కొందరు లేచిపోతున్నారు. ఆయనకు వేరే గ్లాసు పెట్టండి, లేదా అందరి తర్వాత ఇవ్వండి అని పెద్దలు అంటున్నారు. పైగా ఆయన ఒళ్లు రోజురోజుకూ నల్లబడుతోంది, రోగం ముదిరిందేమోనని అనుమానం. లేవీయకాండం 13 చూపించి, ఇలాంటివాళ్లు పాళెం వెలుపల ఉండాలని వాక్యమే చెబుతోంది కదా అంటున్నారు.
(సంఘ కార్యదర్శి, జమ్మలమడుగు ప్రాంతం)

జవాబు: వేరే గ్లాసు పెట్టొద్దు. చివర్లో ఇవ్వొద్దు.

కుష్ఠు గిన్నె వల్ల అంటుకునే జబ్బు కాదు. మందు మొదలుపెట్టని రోగి ముక్కు, నోటి తుంపర్ల నుంచి, అదీ నెలల తరబడి దగ్గరగా మసలినవాళ్లకు సోకుతుంది. సోకినా నూటికి తొంభై అయిదు మందికి పైగా ఒంట్లోని శక్తే దాన్ని అణిచేస్తుంది. ఇక ఎండీటీ మందుల్లో (కుష్ఠుకు కలిపి ఇచ్చే మాత్రలు) ఉండే రిఫాంపిసిన్ మొదటి మోతాదుతోనే కొద్ది రోజుల్లో క్రిముల్ని దాదాపుగా తుడిచిపెడుతుంది. అంటే రెండు నెలలుగా మాత్రలు మింగుతున్న ఆ మనిషి వల్ల మీ వరసలో ఎవరికీ ఏ అపాయమూ లేదు. అపాయం ఉంటే గింటే, వీపు మీద స్పర్శ లేని మచ్చ ఉండి, బయటపెడితే మీరంతా ఇలాగే లేచిపోతారని నోరు మూసుకుని కూర్చున్న ఇంకో మనిషి వల్ల ఉంటుంది. వేరే గ్లాసు పెట్టిన సంఘంలో అలాంటివాళ్లు పరీక్షకు రారు. భయపడి చేసే పనే భయపడ్డదాన్ని తెచ్చిపెడుతుంది.

నల్లబడటం మందు వల్ల. క్లోఫాజిమిన్ అనే మాత్ర చర్మానికి ఎర్రటి నలుపు తెస్తుంది. కోర్సు అయిపోయాక కొన్ని నెలలకు అదే విరుగుతుంది. రిఫాంపిసిన్ మింగిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, రక్తమనుకుని హడలిపోతారు. ఈ రెండూ ముందే చెప్పకపోతే రోగి సగంలో మందు మానేస్తాడు. మచ్చలు అయిదు వరకు ఉంటే 6 నెలలు, అంతకు మించితే 12 నెలలు మందు ఉంటుంది. ఒక అట్ట 28 రోజులకు. మొదటి రోజు మోతాదు ఆరోగ్య కార్యకర్త ఎదుట మింగాలి, మిగతావి ఇంట్లో. అంతా ఉచితం. ఇంట్లోవాళ్లకు, దగ్గరగా మసలేవాళ్లకు ముందుజాగ్రత్తగా రిఫాంపిసిన్ ఒకే ఒక్క మోతాదు ఇస్తారు, ఏఎన్ఎంను అడగండి. గర్భిణులకు, రెండేళ్ల లోపు పిల్లలకు, క్షయ లక్షణాలున్నవాళ్లకు అది ఇవ్వరు.

సంఘం నిజంగా కంగారు పడాల్సింది ఒకటుంది. మందు వాడుతుండగానో, కోర్సు ముగిశాక కూడానో మచ్చలు ఎర్రగా ఉబ్బడం, మోచేతి దగ్గర నరం సలపడం, ఉన్నట్టుండి వేళ్లు వంకర పోవడం, పాదం జారిపోవడం జరగొచ్చు. దీన్ని రియాక్షన్ అంటారు. మాత్రలు పడలేదని మానేయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. మాత్రలు కొనసాగిస్తూనే వెంటనే డాక్టరు దగ్గరికి పోతే స్టెరాయిడ్ మందుతో నరాన్ని కాపాడొచ్చు. బలహీనత మొదలై ఆరు నెలలు దాటితే మళ్లీ రావడం కష్టం. ఆయన చెయ్యి వణుకుతుంటే, గ్లాసు జారవిడుస్తుంటే ముందు గమనించేది పక్కన కూర్చున్నవాళ్లే. పక్కన ఎవరూ కూర్చోకపోతే గమనించేవాళ్లు ఉండరు.

మన వైపు గుళ్ల వసారాల్లో పరిచేది కడప బండలే. ఏప్రిల్, మే నెలల్లో ఆరాధన ముగిసేసరికి ఆ నల్లబండ కాలు పెట్టనివ్వదు. స్పర్శ ఉన్నవాడు గబగబా గెంతుకుంటూ చెప్పుల దగ్గరికి పోతాడు. పాదంలో స్పర్శ పోయినవాడు మామూలుగా నడిచిపోయి, ఇంటికెళ్లాక బొబ్బ చూసుకుంటాడు. ఆ బొబ్బ పుండై, పుండు ఎముక దాకా పోతుంది. వేళ్లు పోయేది అలాగే. కుష్ఠు క్రిమి వేళ్లను తినేయదు, నొప్పి తెలియక తగిలించుకున్న దెబ్బలూ కాలిన గాయాలూ తింటాయి. కాబట్టి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లను చెప్పులతోనే లోపలికి రానివ్వండి. కుష్ఠు విభాగం ఉచితంగా ఇచ్చే మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు వెనక పట్టీతో, మేకులు లేకుండా ఉంటాయి. మోషే చెప్పులు విడిచాడని గుర్తు చేసే పెద్దమనిషి ఒకరు ప్రతి సంఘంలో ఉంటారు. మోషే నిలబడ్డది మే నెల కడప బండ మీద కాదని ఆయనకు చెప్పండి.

కూటం అయ్యాక ఇచ్చే టీ కూడా అంతే. కాలుతున్న స్టీలు గ్లాసు ఆయన వేళ్లకు తెలియదు. పిడి ఉన్న కప్పుల్లో ఇవ్వండి, అయితే అందరికీ అవే ఇవ్వండి. ఆయనకొక్కడికే కప్పు ఇస్తే మళ్లీ వేరే గ్లాసు పెట్టినట్టే. ఇంట్లో రోజూ పాదాలు చల్లటి నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, గట్టిపడ్డ చర్మాన్ని గరుకు రాయితో మెల్లగా రుద్ది, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయాలి. పుండు పడితే శుభ్రమైన గుడ్డ కట్టి నడక తగ్గించాలి. పుండుతో నడుస్తూ ఎంత ఖరీదైన మందు రాసినా మానదు.

లేవీయకాండం 13 చూపించేవాళ్లు అధ్యాయం మొత్తం చదవాలి. బట్టల మీద, తోలు మీద పడిన మచ్చ కూడా అందులో ఉంది. 14లో ఇంటి గోడల మీద పడినదీ ఉంది. ఇవాళ పీహెచ్‌సీలో అట్టలిచ్చి నయం చేసే జబ్బు, గోడకు వచ్చేది ఒకటి కావు. ఇంకో సంగతి, 14వ అధ్యాయం మొదటి భాగమంతా ఆ మనిషిని తిరిగి లోపలికి తెచ్చుకునే పద్ధతి. అందుకోసం యాజకుడే పాళెం వెలుపలికి నడిచి వెళ్లాలి. 13 దగ్గర పుస్తకం మూసేసేవాళ్లకు ఆ నడక కనిపించదు. మార్కు 1:40-45లో ప్రభువు ముందు ముట్టాడు, శుద్ధి తర్వాత జరిగింది. దాని తర్వాత బయట అరణ్య ప్రదేశాల్లో ఉండిపోయింది ప్రభువే.

చట్టం సంగతి క్లుప్తంగా. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో కుష్ఠు ఒక కారణంగా ఉండేది. 2019లో దాన్ని తీసేశారు. 1898 నాటి కుష్ఠు రోగుల చట్టం 2016లో రద్దయింది. ‘పెద్దరోగం వచ్చింది, పెళ్లి చెల్లదు’ అని ఎవరైనా పంచాయితీ పెడితే ఈ రెండు సంవత్సరాలు గుర్తుపెట్టుకోండి.

వచ్చే ప్రభువు బల్లలో అయ్యగారో, మీరో ఆయన పక్కన కూర్చుని, ఆయన తర్వాత అదే గిన్నెలో తాగండి. దాని మీద ప్రసంగం అక్కర్లేదు. అందరికీ చిన్న గ్లాసులు తేవాలన్న ఆలోచన ఉంటే అది తప్పు కాదు, కానీ ఇప్పుడు కాదు. ఇప్పుడు తెస్తే ఎందుకు తెచ్చారో చంటిపిల్లకు కూడా అర్థమవుతుంది.

ప్రశ్న: మా గుడిలో ఒక అక్క భర్త పోయాడు. తనకు హెచ్‌ఐవీ ఉందని అయ్యగారితో చెప్పుకుంది. ఆయన మంచి మనసుతోనే ఉపవాస కూటంలో పేరుపెట్టి ప్రార్థన చేశారు. ఇప్పుడు ఆమె కూతురి పక్కన తమ పిల్లల్ని సండే స్కూల్లో కూర్చోబెట్టబోమని తల్లులు అంటున్నారు. ఆ అక్క ఇంకెక్కడో స్వస్థత కూటాలకు పోయి మాత్రలు కూడా మానేసిందట. మేమేం చేయగలం?
(స్త్రీల మైత్రి సభ్యురాలు, ఆదోని)

జవాబు: అన్నిటికంటే ముందు మాత్రలు. పిల్లల తల్లులతో మాట్లాడటం వచ్చే వారమైనా ఫరవాలేదు, మాత్రలు ఈ వారమే మళ్లీ మొదలు కావాలి.

ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణిచిపెట్టే మందులు) మానేసిన కొన్ని వారాల్లో వైరస్ మళ్లీ లేస్తుంది. మానడం, మింగడం, మళ్లీ మానడం ఇంకా చెడ్డది, ఆ మందుకు వైరస్ లొంగని స్థితి వస్తుంది. మానేయడానికి ఎక్కువగా దారితీసేది ఒక మంచి రిపోర్టే. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించలేదని వస్తుంది. ఆ కాగితం స్వస్థత కూటంలో చూపిస్తారు, స్వస్థత అయిపోయిందని ప్రకటిస్తారు. నిజానికి కనిపించకుండా చేస్తున్నది రోజూ మింగే ఆ ఒక్క మాత్ర. ప్రభువు పదిమంది కుష్ఠు రోగులను పంపింది యాజకులకు కనబరచుకొమ్మని (లూకా 17:14). ఆ రోజుల్లో పరీక్షించి చెప్పే అధికారం వాళ్లది. ఇవాళ ఆ అధికారం ఏఆర్‌టీ కేంద్రానిది. డాక్టరు చెప్పకుండా మాత్రలు మానమని బోధించేవాళ్లు ఈ వచనాన్ని దాటేస్తున్నారు.

కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వాసుపత్రుల్లో ఏఆర్‌టీ కేంద్రాలున్నాయి. ఆమె తన పుస్తకం, మిగిలిన మాత్రల సీసా తీసుకుని వెళ్లాలి. ఎన్ని రోజులు మానిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. తిడతారేమోనని అయిదు రోజులే అని చెబితే డాక్టరు లెక్క తప్పుతుంది. జ్వరం, రెండు వారాలు దాటిన దగ్గు, విడవని తలనొప్పి ఉంటే అది ముందే చెప్పాలి, క్షయలాంటివి ఉన్నాయేమో చూశాకే మళ్లీ మందు ఎప్పుడు మొదలెట్టాలో నిర్ణయిస్తారు. ఉపవాసం ఉన్నామని మాత్ర వదిలేయడం ఇంకో అలవాటు. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చే టీఎల్‌డీ మాత్రకు తిండితో నిమిత్తం లేదు, రాత్రి నీళ్లతో మింగొచ్చు. కాకపోతే ఐరన్, క్యాల్షియం మాత్రలు ఖాళీ కడుపున దాంతో కలిపి వేసుకుంటే దాని బలం తగ్గుతుంది. టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాత అవి వేసుకోవాలి. బస్సు ఛార్జీకి ఇబ్బందైతే సంఘం ఆ డబ్బు ఇవ్వొచ్చు. కానుకల లెక్కలో ‘ప్రయాణ సాయం’ అని రాయండి, పేరు, జబ్బు రాయొద్దు.

అయ్యగారి సంగతి. హెచ్‌ఐవీ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. నమ్మి చెప్పుకున్న మనిషి హెచ్‌ఐవీ స్థితిని వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా బయటపెట్టకూడదని అందులో ఉంది. ప్రార్థనకు మినహాయింపేమీ లేదు. ఆయన ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడగాలి. వేదిక మీద నుంచి అడగకూడదు, అలా అడిగితే తెలియనివాళ్లకు కూడా తెలిసిపోతుంది. ఇకమీదట కూటాల్లో జబ్బుల కోసం ప్రార్థన చేసేటప్పుడు ‘మా సహోదరి ఒకామె’ అంటే సరిపోతుంది. ఏ సహోదరో దేవుడికి తెలుసు.

పిల్లల తల్లుల్ని పోగుచేసి ఆ అమ్మాయి గురించి మాట్లాడొద్దు. ఐసీటీసీ (హెచ్‌ఐవీ పరీక్ష, సలహా కేంద్రం) కౌన్సిలర్‌ను పిలిపించి రక్తహీనత, క్షయ, హెచ్‌ఐవీ మూడింటి మీదా ఒకే రోజు మాట్లాడించండి. అప్పుడు ఎవరి వైపూ వేలు పోదు. పక్కన కూర్చుంటే, ఒకే బిస్కెట్ తింటే, ఆడుకుంటే, కౌగిలించుకుంటే రాదని కౌన్సిలర్ నోటితో వింటే నమ్ముతారు. గాయాల గురించి ఒక నియమం పెట్టండి: ఏ పిల్లకు రక్తం వచ్చినా టీచరు గ్లవ్స్ వేసుకునే తుడవాలి. ఏ పిల్లకైనా. గ్లవ్స్ డబ్బా ఒకటి సండే స్కూలు బీరువాలో పెట్టండి. ఆ అమ్మాయికి పరీక్ష చేయించారా లేదా అన్నది తల్లి, డాక్టరు చూసుకునే విషయం. మీరు అడగాల్సిన పని లేదు.

ఏఆర్‌టీ వాడేవాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ.4,000 పింఛను ఉంది. వైరల్ లోడ్ కనిపించని స్థాయిలో నిలబడితే భార్యాభర్తల కలయిక ద్వారా కూడా వైరస్ సోకదు. ఏ సందేహమున్నా 1097కు ఫోన్ చేయొచ్చు, ఉచితం.

ప్రశ్న: గుంతకల్లు స్టేషన్ బయట మతిస్థిమితం లేని ఒకామె తిరుగుతుంటుంది. మా యవ్వనస్థులు ఆమెకు స్నానం చేయించి, జుట్టు కత్తిరించి, కొత్త చీర కట్టి వీడియో తీసి పెడతామంటున్నారు. మంచి పనే కదా, కానీ నాకెందుకో మనసొప్పడం లేదు.
(పాస్టరమ్మ)

జవాబు: మీ మనసు సరిగ్గానే చెప్పింది. స్నానం, చీర తర్వాత ఆమె మళ్లీ అదే చెట్టు కిందికి పోతుంది. వీడియో మాత్రం ఎక్కడికీ పోదు. రేపు ఆమెకు నయమై సొంతూరికి చేరితే, ఆమె పిల్లలు ఆ వీడియో చూస్తారు.

పదిమంది చుట్టుముడితే భయపడి పారిపోతుంది, లేదా రాయి విసురుతుంది. ఇద్దరు ఆడవాళ్లు చాలు. నాలుగు రోజులు ఊరికే వెళ్లి, కాస్త దూరంలో కూర్చుని, నీళ్ల సీసా పెట్టి రండి. రోజుల తరబడి సరిగా తినని మనిషికి ఒక్కసారిగా బిర్యానీ పొట్లం ఇస్తే ఒంట్లో లవణాలు తారుమారై ప్రాణం మీదికి వస్తుంది. కొంచెం గంజి, ఒక అరటిపండు, రెండు మూడు గంటల తర్వాత మళ్లీ కొంచెం. తలలో పుండు, పురుగులు కనిపిస్తే మీరు ముట్టుకోవద్దు, అది ఆసుపత్రి పని. జట కట్టిన జుట్టు బలవంతంగా కత్తిరించొద్దు. పట్టుకుని చేసే ఏ పనైనా ఆమెకు దాడిలాగే ఉంటుంది.

అసలు దారి చట్టంలోనే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 100 ప్రకారం, తన సంగతి తాను చూసుకోలేక తిరుగుతున్న మానసిక రోగిని రక్షణలోకి తీసుకుని, 24 గంటల లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడం ఆ ప్రాంత పోలీస్ స్టేషన్ అధికారి బాధ్యత. లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లూ వాకిలీ తెలియని మనిషైతే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. స్టేషన్‌కు వెళ్లేటప్పుడు ‘పిచ్చామె గొడవ చేస్తోంది’ అనొద్దు. అలా అంటే తరిమేస్తారు, పక్క ఊళ్లో వదిలేస్తారు. సెక్షన్ నంబరు వేసి, ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏ స్థితిలో ఉందో ఒక కాగితం రాసి ఇచ్చి, ఒక ప్రతి మీద స్టాంపు వేయించుకోండి. మహిళా కానిస్టేబుల్‌ను అడగండి. మీలో ఒకరు ఆసుపత్రి దాకా వెంట వెళ్లండి. అనంతపురం, కర్నూలు పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ముందు ఎవరితోనైనా మాట్లాడి తెలుసుకోవాలంటే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ) 14416.

ఆసుపత్రిలో చేర్చడంతో సగం పనే అయినట్టు. మందు పట్టడానికి వారాలు పడుతుంది. మొదటి వారంలోనే ‘ఏ ఊరమ్మా’ అని పదిసార్లు అడిగి విసిగించొద్దు. గుంతకల్లు జంక్షన్ కాబట్టి ఆమె ఏ రాష్ట్రం నుంచైనా రైలెక్కి ఉండొచ్చు. కన్నడం, హిందీ, తమిళం, మరాఠీ తెలిసినవాళ్లను ఒక్కొక్కరుగా తీసుకెళ్లి మాట్లాడించండి. ఏ భాషకు తల తిప్పిందో చూడండి. బియ్యం తింటుందా, రొట్టె అడుగుతుందా అన్నది కూడా ఒక ఆధారమే. ఊరి పేరు చెప్పలేకపోయినా పక్క సంత పేరో, బడి పేరో, జాతర పేరో వస్తుంది. ఫోటో పోలీసులకు, ఆసుపత్రికి మాత్రమే ఇవ్వండి.

ఇంకో మాట. స్వస్థత పేరుతో మానసిక రోగుల్ని గొలుసులతో కట్టేసే చోట్లు ఎవరి సంఘానికి తెలిసినా, ఆ చట్టంలోనే సెక్షన్ 95 ఏ రూపంలోనూ గొలుసులు వేయకూడదంటోంది. గెరాసేనుల దేశంలో ఆ మనిషిని గొలుసులతో కట్టింది ఊరివాళ్లు (మార్కు 5). బాగయ్యాక వెంట వస్తానని బతిమాలినా ప్రభువు తీసుకుపోలేదు, నీ ఇంటికి, నీ వాళ్ల దగ్గరికి పో అన్నాడు. మన కూటాల్లో అయితే ఆయన్ని మూడు జిల్లాలు తిప్పి సాక్ష్యం చెప్పించేవాళ్లం.

ప్రశ్న: మా గుడికి ఒక హిజ్రా రెండు ఆదివారాలుగా వస్తోంది. మా దగ్గర మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు చాప మీద కూర్చుంటారు. ఎటు కూర్చోబెట్టాలి? కానుక పెట్టెలో అయిదొందలు వేస్తోంది. ఆ డబ్బు ఎలా వచ్చిందో తెలియదు, తీసుకోవచ్చా? ద్వితీయోపదేశకాండం 23 ఇలాంటివాళ్లు సమాజంలో చేరకూడదంటుంది.
(సంఘ పెద్ద, కర్నూలు)

జవాబు: ఎటు కూర్చుంటావమ్మా అని ఆమెనే అడగండి. మీ ఇంటి ఆడవాళ్లలో ఒకరు అడిగితే ఇంకా బాగు. ఎక్కువగా ఆడవాళ్ల వైపే కోరుకుంటారు. వెనక గుమ్మం పక్కన విడిగా కుర్చీ వేయడం మర్యాదలా కనిపిస్తుంది గానీ అది మర్యాద కాదు. పక్కన ఎవరు కూర్చుంటారన్నదే అసలు సమస్య కాబట్టి, స్త్రీల మైత్రిలో ధైర్యమున్న ఇద్దరితో ముందే మాట్లాడి పెట్టుకోండి. పేరు ఏం చెబితే అదే పిలవండి. పాత పేరు, ఆపరేషన్ అయిందా అన్న ఆరా మీకు అక్కర్లేదు. బాత్రూముకు ఆడవాళ్ల వైపు వెళ్లనివ్వండి, లోపల గడియ సరిగా పడేలా చూడండి. గడియ లేని బాత్రూము అందరికీ ఇబ్బందే.

ద్వితీయోపదేశకాండం 23:1 చదివితే యెషయా 56:3-5 కూడా చదవాలి. నపుంసకులు తమను ఎండిన చెట్టు అనుకోవద్దని, కొడుకులు కూతుళ్ల కంటే శ్రేష్ఠమైన పేరు తన ఇంట్లో, తన ప్రాకారాల్లో ఇస్తానని అక్కడ దేవుడే అంటున్నాడు. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో చదువుతున్నది అదే యెషయా గ్రంథం. నాకు బాప్తిస్మం ఇవ్వడానికి అడ్డమేమిటని ఆయన అడిగితే ఫిలిప్పు అడ్డం ఏదీ చూపించలేదు, రథం దిగి నీళ్లలోకి వెళ్లాడు.

డబ్బు సంగతి. నూటికి అయిదు రూపాయల వడ్డీకి తిప్పేవాళ్ల కానుక మీ పెట్టెలో పడటం లేదా? ఆ కవరు మీద ఎప్పుడైనా ప్రశ్న వేశారా? అందరి డబ్బూ ఆరా తీసే సంఘమైతే ఆమెదీ తీయండి. లేకపోతే వదిలేయండి. ఆమె పాపపుణ్యాల గురించి మీ సంఘ బోధ ఏదైనా కావచ్చు, అది మొదటి నెలలోనే ఎత్తుకునే సంగతి కాదు. మిగతావాళ్లతో అలా ఎత్తుకోరు కదా.

ట్రాన్స్‌జెండర్లను చట్టం దృష్టిలో గుర్తించాలని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పిచ్చింది, 2019లో చట్టం వచ్చింది. గుర్తింపు పత్రం జిల్లా కలెక్టర్ ఇస్తారు. దరఖాస్తుకు ముందు ఇప్పుడు ఏ కాగితాలు అడుగుతున్నారో జిల్లా సంక్షేమ కార్యాలయంలో కనుక్కోండి. నెలకు రూ.4,000 పింఛను వీళ్లకూ ఉంది. చాలామందికి ఆగిపోయేది అద్దె ఇల్లు, చిరునామా దగ్గరే. సంఘంలో ఎవరికైనా ఖాళీ గది ఉండి అద్దె ఒప్పందం రాసిస్తే, ఆధార్ చిరునామా నుంచి రేషన్ కార్డు దాకా దాని మీద నడుస్తాయి.

ప్రశ్న: మా ఊళ్లో అప్పుల బాధతో ఒక కౌలు రైతు పురుగుల మందు తాగి పోయాడు. ఆత్మహత్య కాబట్టి సమాధుల తోటలో పెట్టనివ్వబోమని, గంట కొట్టబోమని కొందరన్నారు. చివరికి చేలో పూడ్చారు. ఇది సరేనా?
(కళ్యాణదుర్గం ప్రాంతం)

జవాబు: ఇశ్రాయేలు రాజు సౌలు తన కత్తి మీద తానే పడి చనిపోయాడు. యాబేష్గిలాదువాళ్లు రాత్రంతా నడిచివెళ్లి శవాన్ని తెచ్చి, ఎముకల్ని పాతిపెట్టి, ఏడు రోజులు ఉపవాసమున్నారు (1 సమూయేలు 31). ఇతనెలా చచ్చాడని ఎవరూ అడ్డు తగల్లేదు. 2017 చట్టం సెక్షన్ 115 కూడా ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడమంటోంది. సంఘం తీర్మానం చేసి, కుటుంబం కోరుకుంటే తోటలో శిలువ, పేరు పెట్టించండి.

పరువు కోసం జరిగే ఇంకో అన్యాయముంది. పంచనామాలో ‘కడుపునొప్పి తాళలేక’ అని రాయించేస్తారు. గుడిలో చోటు దొరకదన్న భయంతో ఇంటివాళ్లు కూడా సరే అంటారు. ఆ ఒక్క మాటతో రైతు ఆత్మహత్య పరిహారం పోతుంది. ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారి ఉన్న కమిటీ విచారణకు వచ్చినప్పుడు చూసేది ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, భూమి లేదా కౌలు కాగితం, అప్పు పత్రాలు. కౌలు కార్డు లేకపోతే భూ యజమాని వాంగ్మూలం, ప్రామిసరీ నోట్ల నకళ్లు ముందే పోగుచేసి పెట్టాలి. అంత్యక్రియల తర్వాత మూడో రోజు కూటానికి వెళ్లేటప్పుడు పాటల పుస్తకంతో పాటు ఒక ఫైలు కూడా పట్టుకెళ్లండి. భార్య పేరున కాగితాలన్నీ అందులో పెట్టించండి.

ప్రశ్న: క్రిస్మస్‌కు కుష్ఠు కాలనీలో దుప్పట్లు పంచాలనుకుంటున్నాం. ఏవైనా సూచనలు?
(ప్రొద్దుటూరు)

జవాబు: బ్యానర్ మానేయండి. దుప్పట్లు అందరూ పంచుతారు, ఒక్కో ఇంట్లో నాలుగైదు పోగై ఉంటాయి. నవంబరులోనే వెళ్లి ఏం కావాలో అడగండి. ఎక్కువగా అడిగేవి కట్టుగుడ్డ, దూది, కొబ్బరినూనె, కాలి కొలత ప్రకారం చెప్పులు, కన్ను మూతపడనివాళ్లకు నల్ల కళ్లజోడు. రెప్ప మూతపడని కంట్లో దుమ్ము పడి చూపు పోతుంది. పగలు కళ్లజోడు, రాత్రి పడుకునేటప్పుడు శుభ్రమైన గుడ్డ అవసరం. ఇవన్నీ ఇచ్చి రావడం కంటే, వాళ్లను మీ గుడి క్రిస్మస్ భోజనానికి పిలిచి మీ బంతిలోనే కూర్చోబెట్టుకోవడం లూకా 14:13కు దగ్గర. రెండూ చేయగలిగితే సరే.

ప్రశ్న: కడప సెంట్రల్ జైల్లో ఉన్న మా సంఘపు కుర్రవాడికి బెయిల్ వచ్చినా జామీను కట్టలేక ఆగిపోయాడు. వెళ్లి ప్రార్థన చేసి వస్తే చాలా?
(కడప)

జవాబు: ప్రార్థన చేయండి, దాంతోపాటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు రాయండి. పేద ఖైదీల కోసం కేంద్రం పెట్టిన పథకం కింద విచారణ ఖైదీకి జామీను కోసం, శిక్షపడ్డ ఖైదీకి జరిమానా కోసం సాయం ఉంది. జిల్లా కమిటీ మంజూరు చేస్తుంది. కొన్ని రకాల కేసులకు వర్తించదు కాబట్టి ముందు కేసు సెక్షన్లు కనుక్కోండి. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడైతే, ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం ఇప్పటికే లోపల గడిపితే విడుదలకు బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చట్టం) సెక్షన్ 479 ఉంది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు అది వర్తించదు. లాయరు లేకపోతే 15100కు ఫోన్ చేస్తే ఉచిత న్యాయ సహాయం గురించి చెబుతారు. ములాఖత్‌కు వెళ్లేటప్పుడు మీ ఆధార్, అతని కేసు నంబరు, వాయిదా తేదీ రాసుకుని వెళ్లండి. వాయిదా రోజు కోర్టుకు సంఘం నుంచి ఇద్దరు వెళ్లండి. జామీనుదారులుగా నిలబడాల్సి వస్తే వాళ్ల దగ్గర ఇంటి పన్ను రసీదో, పట్టాదారు పాసుపుస్తకమో ఉండాలి.